సముద్రం తెలియనివాడు బానిసల ఓడ మీద నవల రాయొచ్చా?

గుత్తి ఫిట్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను గుత్తిలో రైల్వే లోకో షెడ్డులో ఫిట్టర్‌ని. డ్యూటీ అయిపోయాక రాత్రిపూట మూడేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. బానిసలను తీసుకుపోతున్న ఓడలో తిరుగుబాటు, అదీ కథ. నూటనలభై పేజీలు అయ్యాయి. మొదటి ముప్పై పేజీలు మాత్రం నాలుగుసార్లు తిరగరాసినా నాకే నచ్చడం లేదు. తెలిసినవాళ్ళు సాయం చేస్తారని అడుగుతున్నాను.

ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి అనంతపురం, నీకెందుకీ కథ అని మా ఇంట్లోనూ అడిగారు. మా జేజినాయన వాళ్ళ నాయన ఒక కరువు ఏడాది, మూడు మూటల జొన్నల అప్పు కింద జీతానికి కుదిరినవాడు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. ప్రతి ఉగాదికీ లెక్క చూసేవాళ్ళంట, ప్రతి ఉగాదికీ అప్పు పెరిగేదంట. పదకొండేళ్ళు చేశాక ఒక రాత్రి పశువుల కొట్టంలోంచి లేచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. దారి తెలియదు. వేగుచుక్కకు ఎదురుగా నడిచి, పామిడి దగ్గర పెన్న ఇసకలోకి దిగేసరికి తెల్లారిందని మా జేజినాయన చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ ఇసక దగ్గరే ఆగిపోయేవాడు. తర్వాత ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు.

తెంచుకుని పోయిన మనుషుల గురించి ఎక్కడ కనబడినా చదవడం అక్కడ మొదలైంది. అమిస్టాడ్ అనే ఓడ సంగతి తెలిశాక ఇంక వదల్లేకపోయాను. 1839 జూలై, క్యూబా తీరం. సెంగ్బే పియే అనే మనిషి, ఆయనతో యాభై మంది దాకా. ఆఫ్రికా నుంచి రెండు నెలలు ఆ ఓడ కడుపులో పడుకుని వచ్చినవాళ్ళు. ఒక మేకు దొరికిందని, దాంతో గొలుసు తాళం తీశారని, సరుకులో ఉన్న చెరుకు నరికే కత్తులు అందుకున్నారని చదివాను.

నాకు తెలిసింది ఇనుము. అందుకని ఇనుముతోనే మొదలుపెట్టాను. ఎద్దును కట్టే గొలుసు కాలికి చుట్టుకుని, పాత ట్రంకుపెట్టె తాళం వేసుకుని, అమావాస్య రాత్రి మిద్దె మీద మూడంగుళాల మేకుతో కూర్చున్నాను. షెడ్డులో వెలుగులో అయితే వంచిన తీగతో అలాంటి తాళం ఐదు నిమిషాల పని. చీకట్లో మేకుతో గంటా పది నిమిషాలు పట్టింది. మేకు తిన్నగా ఉంటే లోపల దేనికీ తగలదు. కొన కొంచెం వంచాలి. వంచాలంటే రాతి కింద పెట్టి ఒత్తాలి. అన్నిటికంటే కష్టం చప్పుడు. చెయ్యి కదిలితే గొలుసు కడియాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. తొడల మధ్య గుడ్డ వేసి బిగించి చూశాను, అప్పటికీ ఆగలేదు. ఇంకొక మనిషి రెండు చేతులతో గొలుసు కదలకుండా పట్టుకుంటేనే పని నడుస్తుంది.

ఇంకొకటి కూడా చేశాను. 1788లో ఇంగ్లండులో బ్రూక్స్ అనే బానిసల ఓడ లోపలి బొమ్మ అచ్చేశారు కదా. మగమనిషికి ఆరడుగుల పొడవు, అడుగు నాలుగంగుళాల వెడల్పు. మిద్దె మీద ఆ కొలతకు సుద్దముక్కతో ఐదు గళ్ళు గీశాను. నేను, మా తమ్ముడు, వాళ్ళ ఇద్దరు కొడుకులు, పక్కింటబ్బాయి పడుకున్నాం. వెల్లకిలా పడుకుంటే నా భుజాలు గీత దాటాయి. అందరూ ఒకే పక్కకు ఒత్తిగిలితేనే సరిపోయాం. ఒకరు తిరగాలంటే ఐదుగురూ తిరగాలి. పావుగంటకు మా తమ్ముడి చిన్నకొడుకు లేచి కిందికి వెళ్ళిపోయాడు. వాడు లేచి వెళ్ళగలిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా ఇబ్బంది. సముద్రాన్ని నేను ఒకేఒక్కసారి చూశాను, మద్రాసు మెరీనాలో అరగంట. ఓడ ఎక్కలేదు. ఓడ గురించి రాసిన ప్రతి వాక్యం ఎక్కడో చదివి అప్పు తెచ్చుకున్నట్టే ఉంది. ఓడ భాగాలకు మన తెలుగులో మాటలున్నాయా? పక్కవాడిది వేరే భాష అయితే "గొలుసు కదలకుండా పట్టుకో" అని చీకట్లో ఎలా చెప్తాడు? అసలు అమిస్టాడ్ పేరుతోనే రాయాలా, ఊహించిన ఓడ పెట్టుకోవాలా? చివర కోర్టు గెలుపు దాకా పోవాలా, ఓడ చేతికొచ్చిన రాత్రే ఆపేయాలా?


బురుజు నీడ (కర్నూలు)

తమ్ముడూ, నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాడిని. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు మిద్దె మీద చేసిన పని నా క్లాసులో ఒక్క ఏడాదైనా పిల్లల చేత చేయించి ఉండాల్సింది.

ముందు ఒక తప్పు సరిదిద్దాలి, లేకపోతే నవల మొత్తం పక్కకు పోతుంది. వాళ్ళు అట్లాంటిక్ దాటింది అమిస్టాడ్‌లో కాదు. ఆఫ్రికా పడమటి తీరంలో, ఇప్పటి సియెర్రా లియోన్‌లోని లొంబోకో అనే చోట నుంచి తెకోరా అనే పోర్చుగీసు ఓడలో హవానా దాకా తెచ్చారు. మీ సుద్దగీతల ఇరుకు ఆ ఓడది. హవానాలో రూయిజ్, మోంటెస్ అనే ఇద్దరు స్పెయిన్‌వాళ్ళు 53 మందిని కొని, క్యూబాలోనే ఇంకో ఊరికి తీసుకుపోవడానికి అమిస్టాడ్ అనే చిన్న ఓడ ఎక్కించారు. 49 మంది పెద్ద మగవాళ్ళు, నలుగురు పిల్లలు. ఆ నలుగురిలో ముగ్గురు ఆడపిల్లలు. కొద్దిరోజుల ప్రయాణం కాబట్టి కాపలా పల్చగా ఉంది. తెకోరాలో కుదరనిది ఇక్కడ కుదిరింది. ఈ తేడా మీ కథకు బలం. రెండు నెలల పెద్ద ఓడ, ఆ తర్వాత కొద్దిరోజుల చిన్న ఓడ. మనిషికి ఊపిరి ఆడిన మొదటి చోటే తిరగబడ్డాడు.

అప్పటికే స్పెయిన్ చట్టం ప్రకారం ఆఫ్రికా నుంచి కొత్తగా బానిసలను తేవడం నేరం. అందుకని వీళ్ళంతా క్యూబాలోనే చాలాకాలంగా ఉన్నవాళ్ళని దొంగ కాగితాలు పుట్టించారు. ఒక్కొక్కరికీ స్పానిష్ పేరు పెట్టారు. సెంగ్బే పేరు అట్లాగే మారిపోయింది. కాగితంలో స్పానిష్ పేరు, నోట్లో వాళ్ళ సొంత మెండే భాష. కోర్టులో కేసు చివరికి ఆ అబద్ధం దగ్గరే తిరిగింది.

ఇప్పుడు సముద్రం సంగతి. మీకు సముద్రం తెలియదని బాధపడుతున్నారు. సెంగ్బే పియే వరి పండించే రైతు, లోపలి ఊళ్ళవాడు. ఆయనకూ తెలియదు! మీరు చుక్కాని దగ్గర నిలబడి రాయడానికి చూస్తున్నారు, అందుకే అప్పు తెచ్చిన వాక్యాలవుతున్నాయి. సెంగ్బే నిలబడ్డచోట నిలబడండి. ఓడను పట్టుకున్నారు, కెప్టెన్ ఫెర్రర్ చనిపోయాడు, వంటవాడు సెలెస్టినో చనిపోయాడు. ఇప్పుడు ఓడ మనది. ఎటు పోవాలి? నడపడం ఎవరికీ రాదు. వాళ్ళకు ఒక్కటే తెలుసు. వచ్చేటప్పుడు రోజూ పొద్దు మునిగేవైపు వచ్చాం కాబట్టి, పొద్దు పొడిచేవైపు పోతే ఊరొస్తుంది. మోంటెస్‌ను బతకనిచ్చి పొద్దు పొడిచేవైపు పట్టమన్నారు. వాడు పగలు తూర్పుకు పట్టి, రాత్రయ్యాక ఉత్తరానికీ పడమరకూ తిప్పేవాడు. అట్లా దాదాపు రెండు నెలలు. తాగడానికి నీళ్ళు అయిపోయి, జబ్బుచేసి కొందరు పోయారు. ఆగస్టు 26న అమెరికాలో లాంగ్ ఐలాండ్ దగ్గర పట్టుబడ్డారు.

వేగుచుక్కకు ఎదురుగా నడిచిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. ఆకాశం చూసి దిక్కు చెప్పడం రైతుకు పుట్టుకతో వచ్చిన విద్య. పగలు సరిగ్గా పోతున్న ఓడ రాత్రి దారి తప్పుతోందని ఆ రెండు నెలల్లో ఎవరో ఒకరు చుక్కలు చూసి అనుమానపడి ఉంటారు. చెప్పినా నమ్మేవాళ్ళు లేకపోయి ఉంటారు. ఇది నా ఊహ, చరిత్ర కాదు. నవలకు కావలసిన చోటు అదే అనిపిస్తోంది.


కోవెలకుంట్ల పిల్లోడు

అన్నా, తప్పుగా అనుకోవద్దు. మా పక్కన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ఉంది. 1846లో లేచాడు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు, తలను ఏళ్ళ తరబడి గుమ్మానికి వేలాడదీశారు. మన సీమ కథ చెప్పేవాళ్ళే తక్కువ. ఇంత బాగా రాసే మీరు ఎక్కడి వాళ్ళ కథో భుజాన వేసుకోవడం నాకు బాధగా ఉంది.


బురుజు నీడ (కర్నూలు)

నాయనా, నీ బాధ అర్థమైంది. ఎక్కడి వాళ్ళ కథో అన్న మాట దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగు.

మీర్మిన్ అనే ఇంకో ఓడ ఉంది. డచ్చి కంపెనీది. 1766లో మడగాస్కర్‌లో 140 మంది దాకా ఎక్కించుకుని కేప్‌కు, అంటే ఇప్పటి కేప్‌టౌన్‌కు బయలుదేరింది. ఓడలో జబ్బులొచ్చి చనిపోతారేమోనని సంకెళ్ళు విప్పి పైకి తెచ్చి పనులు చెప్పారు. ఒకరోజు మడగాస్కర్‌లో సేకరించిన ఈటెలు తుప్పు పట్టాయి, తుడవండి అని వాళ్ళ చేతికే ఇచ్చారు. ఆ ఈటెలతోనే లేచారు. మసావానా అనే మనిషి నాయకుడు. సిబ్బందిలో దాదాపు సగంమంది పోయారు. మిగిలినవాళ్ళను మడగాస్కర్‌కు తిప్పమన్నారు. వాళ్ళు ఇదే ఊరని నమ్మించి దక్షిణాఫ్రికా తీరానికే తెచ్చారు. మన ఊరే అయితే మంట వేస్తామని చెప్పి కొందరు ఒడ్డుకు దిగారు. దిగినవాళ్ళను అక్కడి తెల్ల రైతులు పట్టుకున్నారు, కొందరిని చంపారు. ఓడలో ఉన్న తెల్లవాళ్ళు సీసాల్లో ఉత్తరాలు పెట్టి నీళ్ళలో వదిలారు, ఒడ్డున మంటలు వేయండని. ఆ సీసాలు ఒడ్డువాళ్ళకు దొరికాయి. మంటలు వేశారు. ఆ మంటలు చూసి, మనవాళ్ళే పిలుస్తున్నారని ఓడ లంగరు తాడు కోసి ఒడ్డుకు వచ్చారు. మసావానాను రాబిన్ ద్వీపంలో పెట్టారు, మూడేళ్ళకు అక్కడే పోయాడు. తర్వాతి కాలంలో మండేలాను 18 ఏళ్ళు ఉంచింది ఆ ద్వీపంలోనే.

ఇప్పుడు విను. ఆ డచ్చి కంపెనీకే మచిలీపట్నంలో, భీమునిపట్నంలో కోఠీలుండేవి. పులికాట్‌లో 1613లో కోట కట్టింది. మన తీరంలో కరువు వచ్చినప్పుడు, తినడానికి లేక పిల్లల్ని అమ్ముకున్నవాళ్ళ దగ్గర కొని, బటావియాకు (ఇప్పటి జకార్తా), సింహళానికి ఓడల్లో ఎక్కించింది ఆ కంపెనీయే. కేప్‌టౌన్ పాత దస్తావేజుల్లో బానిసల పేర్ల పక్కన కోరమాండల్ వాడు, బెంగాల్ వాడు అని ఉంటుంది. కోరమాండల్ అంటే మన ఒడ్డే. మూడు మూటల జొన్నలకు పిల్లవాడిని పెట్టిన కరువు, ఓడ దాకా పోయిన కరువు, రెండూ వేరువేరు కాదు.

తేదీలు కూడా చూడు. అమిస్టాడ్ వాళ్ళు బానిసలు కారని, వదిలేయమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు 1841 మార్చి 9న వచ్చింది. మన దేశంలో బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదని చట్టం వచ్చింది 1843లో. ఇంకో మూడేళ్ళకు నీ నరసింహారెడ్డి లేచాడు. ఆ కథ నువ్వు రాయి. నాకు తెలిసింది చెప్తాను.


కళాసి మనవడు (తాడిపత్రి)

మాది కోరంగి వైపు. మా తాతముత్తాతలు ఓడల్లో కళాసీలు. నేను బండల వ్యాపారానికి తాడిపత్రి వచ్చి ఇరవై ఏళ్ళయింది.

తెలుగు మాటలు ఎందుకు లేవండీ. తెరచాప, చుక్కాని, లంగరు అందరికీ తెలిసినవే. పనివాళ్ళు కళాసీలు, వాళ్ళ మీద పెద్ద సరంగు, వేట పడవల్లో అయితే తండేలు. ఇంకా కావాలంటే కడప బ్రౌన్ లైబ్రరీకి వెళ్ళి బ్రౌన్ దొర నిఘంటువు తిరగేయండి. 1852 నాటిది, అప్పటి రేవుల భాష చాలా ఉంది అందులో. కానీ సార్ చెప్పింది నాకు నచ్చింది. గొలుసులో ఉన్న మనిషికి చుక్కాని పేరు తెలియదు. "వెనక వైపు ఒకడు పట్టుకుని తిప్పే కర్ర" అని రాయండి. ఓడ వాళ్ళ చేతికి వచ్చాక మెల్లగా పేర్లు రానివ్వండి. అప్పుడు చదివేవాడికి కూడా ఓడ తన చేతికి వచ్చినట్టుంటుంది.

చప్పుడు గురించి ఒకటి చెప్తాను, మీ గొలుసు సమస్యకు పనికొస్తుంది. చెక్క ఓడ ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండదు. గాలి బాగా ఉంటే ప్రతి చెక్కా పక్క చెక్కతో రాసుకుని కిర్రుమంటుంది, తాళ్ళు బిగుసుకుని మూలుగుతాయి. గాలి పడిపోతే ఆ కిర్రు ఆగి, తెరచాప వదులుగా కొయ్యకు తపతపా కొట్టుకుంటుంది. రాత్రి గాలి ఆగితే నిద్రలో ఉన్న కళాసీలు కూడా లేస్తారని మా తాత చెప్పేవాడు. కాబట్టి మీ వాడు తాళం తీసే రాత్రి గాలి ఉండాలి. కిర్రుమన్నప్పుడల్లా మేకు తిప్పాలి, ఆగినప్పుడు ఆగాలి. తాళం సగంలో ఉండగా గాలి పడిపోయిందనుకోండి... ఆ పేజీ మీరు రాయండి, నేను చదువుతాను.

ఇంకో సంగతి. చెక్క ఓడ అడుగున ఎప్పుడూ కొంత నీరు చేరుతుంది. రోజూ తోడిపోయాలి. ఆ నీరు కుళ్ళి కంపు కొడుతుంది. వందలమంది ఉన్న ఓడలో ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. మీ పేజీల్లో ఇరుకు ఉంటుందని తెలుస్తోంది, కంపు కూడా ఉండాలి.


రాజంపేట అక్క

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మా అబ్బాయి ఫోన్‌లో చదివి వినిపించాడు, నేను చెప్తుంటే వాడే టైపు చేస్తున్నాడు.

నేను కువైట్‌లో ఆరేళ్ళు ఒక ఇంట్లో పని చేసి వచ్చాను. మా వైపు ఇంటికొకరం పోయినవాళ్ళమే. ముందే ఒక మాట. నేను బానిసను కాను. నా ఇష్టంతో సంతకం పెట్టి పోయాను, జీతం వచ్చింది, ఆ డబ్బుతో పిల్లల్ని చదివించాను. మమ్మల్ని, ఆ గొలుసుల్లో పోయినవాళ్ళను ఒకటి చేసి రాయొద్దు. కోటి మందికి పైగా అలా పోయారని మా అబ్బాయి చెప్పాడు. వాళ్ళది వేరు.

కానీ భాష తెలియని ఇంట్లో మొదటి నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు అడిగిన ప్రశ్న అదే కదా తమ్ముడూ. గట్టిగా మాట్లాడితే తిడుతున్నారో, మామూలుగా చెప్తున్నారో తెలియదు. నవ్వితే ఎందుకు నవ్వారో తెలియదు. ఆ ఇంట్లో వంట చేసే ఆయన ఒకరోజు నన్ను చూసి, కత్తి చూపించి, గొంతు మీద అడ్డంగా గీసినట్టు చూపించాడు. మూడు రాత్రులు నేను నిద్రపోలేదు. తర్వాత తెలిసింది, పండక్కి మేకను కోస్తారు, సాయానికి రమ్మని చెప్పాడంట.

ఇది చెప్పగానే మా అబ్బాయి నెట్‌లో చదివి చెప్పాడు, ఆ అమిస్టాడ్ ఓడలో కూడా వంటవాడు సైగలు చేశాడంట. మిమ్మల్ని చంపి, కోసి, తినేస్తారని. అది తమాషాకే చేశాడని అంటారంట. నాకు ఒళ్ళు జలదరించింది. నా దగ్గర మూడు రాత్రుల తర్వాత చెప్పేవాళ్ళు వచ్చారు, తమిళం తెలిసిన సిలోను అమ్మాయి ఒకామె. వాళ్ళకు ఎవరు చెప్తారు? ఆ సైగ చూసినవాడికి ఇంక ఎదురుచూడటానికి ఏముంది?

మాటలు ఎలా వస్తాయంటే, ముందు చేతులతో వస్తాయి. ఆ సిలోను అమ్మాయి, నేను, ఇథియోపియా అమ్మాయి ఒకే గదిలో ఉండేవాళ్ళం. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని రెండుసార్లు నొక్కితే ఆగు అని. ఒకసారి నొక్కితే సరే అని. మేం అనుకుని పెట్టుకున్నది కాదు, అట్లా అయిపోయింది. తర్వాత అంకెలు. అంకెలు తొందరగా వస్తాయి, వేళ్ళున్నాయి కదా.

నీ నవల్లో ఆడవాళ్ళు ఉన్నారా? నువ్వు రాసిన దాంట్లో అందరూ మగవాళ్ళే. ఇంట్లో పనిచేసే ఆడదానికి ఏ తాళంచెవి ఏ సొరుగులో ఉంటుందో తెలుస్తుంది. ఎవరు ఎప్పుడు నిద్రపోతారో, ఎవరికి కాలు నొప్పో, అన్నీ తెలుస్తాయి. ఆమె అక్కడ ఉందని ఎవరూ అనుకోరు కాబట్టి ఆమె ముందే అన్నీ మాట్లాడతారు.


బురుజు నీడ (కర్నూలు)

అమ్మా, మీరు ఊహించింది చరిత్రలో ఉంది. ఆ పెద్ద ఓడల్లో మగవాళ్ళను ఇద్దరిద్దరిగా సంకెళ్ళు వేసి ముందువైపు కింద పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళను, పిల్లల్ని మామూలుగా గొలుసు వేయకుండా వెనకవైపు, కెప్టెన్ గదికి దగ్గరగా ఉంచేవాళ్ళు. ఆయుధాల పెట్టె కూడా అటే. ఓడ నడుమ, మనిషి ఎక్కలేనంత ఎత్తున అడ్డంగా చెక్కగోడ కట్టేవాళ్ళు. తిరుగుబాటు వస్తే సిబ్బంది దాని వెనక్కి పోయి తుపాకులు పేల్చేది. ఆడవాళ్ళు ఆ గోడకు సిబ్బంది వైపే ఉండేవాళ్ళు. వార్త మోసింది, పనిముట్టు అందించింది చాలాచోట్ల వాళ్ళే. ఎందుకు దగ్గరగా ఉంచేవాళ్ళో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ దగ్గరితనమే వాళ్ళకు నరకం. తమ్ముడూ, ఆ నరకాన్ని తుడిచేసి ఉత్త వీరనారిని మాత్రం చేయకండి.

భాష సంగతి. అమిస్టాడ్ వాళ్ళను అమెరికాలో న్యూహేవెన్ అనే ఊళ్ళో జైల్లో పెట్టారు. వాళ్ళ మాట ఎవరికీ తెలియదు. గిబ్స్ అనే ప్రొఫెసర్ జైలుకు వెళ్ళి ఒక వేలు, రెండు వేళ్ళు చూపిస్తూ పది వరకు అంకెలు వాళ్ళ భాషలో నేర్చుకున్నాడు. న్యూయార్క్ రేవుకు పోయి, కనబడిన నల్లజాతి నావికుల ముందల్లా ఆ అంకెలు గట్టిగా లెక్కపెడుతూ తిరిగాడు. జేమ్స్ కోవే అనే కుర్రవాడు ఆగాడు. చిన్నప్పుడు తననూ బానిసగా ఎత్తుకుపోతే, బ్రిటిషు ఓడ విడిపిస్తే నావికుడైనవాడు. ఆయన వచ్చి జైలు గదిలో మెండే భాషలో మాట్లాడాక కానీ, తామెవరో చెప్పుకోవడం వాళ్ళకు కుదరలేదు. అంకెలు తొందరగా వస్తాయని మీరన్న మాట చదివి నేను కుర్చీలోంచి లేచాను.

ముగింపు గురించి నా అభిప్రాయం. కోర్టు దాకా పోవచ్చు, కానీ గెలుపును లాయర్ల చేతికి ఇవ్వొద్దు. జాన్ క్విన్సీ ఆడమ్స్ వాదించాడు, పెద్ద మనిషి, మాజీ అధ్యక్షుడు, నిజమే. వాదనకు ముందు కాలే అనే పిల్లవాడు, జైల్లో నేర్చుకున్న కొద్దిపాటి ఇంగ్లీషులో ఆయనకు ఉత్తరం రాశాడు. నేనైతే ఆ ఉత్తరం రాస్తున్న పిల్లవాడి వేళ్ళ మీద ఒక అధ్యాయం రాస్తాను. తీర్పు వచ్చాక కూడా ఊరికి పంపడానికి ప్రభుత్వం డబ్బులివ్వలేదు, సానుభూతిపరులు చందాలు వేసుకున్నారు. బతికి ఉన్న 35 మంది 1842 జనవరిలో సియెర్రా లియోన్ చేరారు. 53 మందిలో 35.

ఓడ పేరు మార్చాలా అంటారా? కోర్టు దాకా పోతే అమిస్టాడ్ అనే రాయండి. పేరు పెట్టాక తేదీ, మనిషి, మాట ఏదీ మీ ఇష్టం కాదు. స్వేచ్ఛ కావాలంటే వేరే ఓడ ఊహించుకోండి. వెనక్కి తిరిగి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. 1730లో లిటిల్ జార్జ్ అనే ఓడలో 96 మంది. సంకెళ్ళు తప్పించుకుని, సిబ్బందిని గదిలో బంధించి, ఓడను తామే సియెర్రా లియోన్ నదికి తిప్పుకుని, దిగి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నాకు ఎక్కడా దొరకలేదు. ఆ 96 మందికి పేర్లు పెట్టే పని నవలాకారుడిదే.


గుత్తి ఫిట్టర్

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న రాత్రి డ్యూటీ నుంచి వచ్చి తెల్లారేదాకా ఇదే చదువుకున్నాను.

కోవెలకుంట్ల తమ్ముడూ, నీ మాట నాకు కష్టంగా అనిపించలేదు. నువ్వు రాయి. మా షెడ్డులో మీ ఊరివాళ్ళు ఇద్దరున్నారు, చిన్నప్పుడు విన్నవి చెప్పమని అడుగుతాను.

సార్, అమిస్టాడ్ వదిలేస్తున్నాను. 1730 ఓడ లాంటిది ఒకటి ఊహించుకుని రాస్తాను. తెకోరా, అమిస్టాడ్ రెండూ ఒకటే అనుకున్నది నా తప్పు. ముప్పై పేజీలు ఎందుకు నిలబడలేదో ఇప్పుడు తెలిసింది. నేను మొదటి పేజీ నుంచే ఓడ పైనుంచి చూస్తున్నాను. తెరచాపలు, గాలి, అలలు. కొత్తది చీకట్లో మొదలవుతుంది, అరవై పేజీల దాకా సముద్రం కనబడదు. వినబడుతుంది, అంతే.

అక్కా, ఆడవాళ్ళు ఉన్నారు, కానీ ఏడవడానికి మాత్రమే పెట్టాను. సిగ్గుగా ఉంది. ఒకామెను మొదటి అధ్యాయంలోకి తెచ్చాను. మేకు ఆమెదే. నీళ్ళ పీపా మూతకున్న మేకు వదులైందని రోజూ చూస్తుంది, తొమ్మిదో రోజు ఊడదీస్తుంది. కొత్త మొదటి పేరా ఇది, చూడండి:

"కిర్రుమన్నప్పుడు తిప్పాలి. ఆగితే ఆగాలి. పక్కవాడి చెయ్యి గొలుసు మీద ఉంది. వాడి పేరు తెలియదు, ఊరు తెలియదు, వాడి నోట్లోంచి వచ్చే మాట ఒక్కటీ తెలియదు. చెయ్యి మాత్రం తెలుసు. చిటికెన వేలు లేదు. రెండుసార్లు నొక్కాడు. ఆగాడు. పైన అడుగుల చప్పుడు వచ్చి, వాళ్ళ తల మీదే నిలబడి, మళ్ళీ వెళ్ళిపోయింది. అవతల పిల్లవాడు నీళ్ళు అని తన భాషలో అడుగుతున్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఒకసారి నొక్కాడు. మేకు మళ్ళీ కదిలింది."


రాజంపేట అక్క

బాగుంది తమ్ముడూ. మా అబ్బాయి రెండుసార్లు చదివాడు. ఒకటి మాత్రం మార్చు. పిల్లవాడు తన భాషలో నీళ్ళు అడుగుతున్నాడని రాశావు. మొదటి రోజు అట్లా అడుగుతారు. తొమ్మిదో రోజు ఎవ్వరూ సొంత భాషలో అడగరు, దాంతో పని కాదని తెలిసిపోయి ఉంటుంది. బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపిస్తారు. కువైట్‌లో మాయ్ అంటే నీళ్ళు. ఆ మాట వచ్చేదాకా నేనూ అదే చేశాను. నీ ఓడలో చీకటి కాబట్టి చూపించినా కనబడదు. పక్కవాళ్ళ చెయ్యి లాక్కుని, వాళ్ళ బొటనవేలు తన నోటికి ఆనించుకుంటాడు. పెదవులు ఎండి గరుకుగా ఉంటాయి, అది వాళ్ళ వేలికి తెలుస్తుంది. అట్లా రాయి.